కంప్యూటర్ల వల – చెడినచోటును కనుగొను విధము

గడచిన వర్షకాలమున ఒకనాడు మా పాఠశాలయందు విద్యార్థివేతనముల దరఖాస్తులు పంపుటకు కడపటి దినము. పదునేడుగురు బాలబాలికల దరఖాస్తులు ఇంకను మిగిలియుండెను. వారి తల్లిదండ్రులలో కొందరు పత్తిచేలలోని పని మానుకొని, కాగితములు చేతబట్టుకొని, కంప్యూటరు గది వరండాలో కూర్చుండిరి. పదునొకండు గంటల వేళ తెరమీది పుట కదలుట మానెను. "నెట్టు పోయినది" అని ఒకరనిరి. ఆ మాట క్షణములో వరండా చివరివరకు ప్రాకెను. మేమును ముందువెనుకలు విచారింపక, ఇది తీగ నిచ్చిన కంపెనీవారి నిర్లక్ష్యమే యని నిశ్చయించి, వారి లైనుమనుకు ఫోనుచేసి కొంత పరుషముగా మాటలాడితిమి. అతడు శాంతముగా, "సార్, మా లైను సరిగానే యున్నది. ఒక్కమారు మీ గదిలో చూచుకొనుడు" అనెను. ఆ మాట మాకు రుచింపలేదు. కాని సాయంకాలమునకు అతని మాటయే నిజమని తేలినది. ఆ దినమున మేము నేర్చిన పాఠమును మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలుపుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

"నెట్టు పోయినది" యనుట "ఒంట్లో బాగులేదు" అనుట వంటిది. బాధ నిజమే, కాని యా మాటవలన వైద్యుడు మందీయజాలడు. నొప్పి యెచ్చటనున్నది, ఎప్పుడు మొదలైనది, ఏ అవయవము సరిగా పనిచేయుచున్నది యని యతడు ఒక్కొక్కటిగా అడుగవలెను. అట్లే వలకును వైద్యము గలదు. ఆ వైద్యము తెలియవలెనన్న ముందు దాని శరీరము తెలియవలెను.

ఇంటర్నెట్టు అనగా ఒకే యంత్రము కాదు. ఒకే కంపెనీ సొత్తును కాదు. ఒకదానితో నొకటి కలుపబడిన వేలకొలది చిన్న పెద్ద వలల సముదాయమే అది. మన పాఠశాలలోని గది ఒక చిన్న వల. మనకు తీగ నిచ్చినవారిది మరియొక పెద్ద వల. దానికి పైన దేశములను, ఖండములను కలుపు వలలు గలవు.

మన యూరివారికి రైలు పరిచితమే గనుక దానినే ఉపమానముగ గైకొందము. విజయవాడకును కాజీపేటకును నడుమ, మధిర కొండపల్లి స్టేషనుల మధ్య, మన ఎర్రుపాలెము స్టేషను గలదు. ఈ దారి 1889 సంవత్సరమున బెజవాడను చేరినది. ఇచ్చటినుండి భద్రాచలం రోడ్డు స్టేషనునకు ఒక మూట పంపవలెనన్న, అది ఉత్తరముగా పోయి డోర్నకల్ జంక్షనులో దారి మారవలెను. ఎర్రుపాలెమున మూట నెక్కించువానికి డోర్నకల్ అవతలి సంగతులు తెలియనక్కరలేదు. ఉత్తరపు బండి యెక్కించిన చాలును. డోర్నకల్ లోనివాడు మూటమీది ఊరిపేరు చదివి శాఖాదారి బండిలో వేయును. కంప్యూటర్ల వలలో ఈ జంక్షను పనిని రౌటరు అను పెట్టె చేయును. ప్రతి రౌటరునకును తన తరువాతి మజిలీ యేదో తెలియును; అంతకుమించి తెలియవలసిన పనిలేదు. గదిలోని కంప్యూటర్లను తమలో తాము కలుపు పెట్టెకు స్విచ్చి యని పేరు. అది జంక్షను కాదు. ఒకే స్టేషనులోని పోర్టరు వంటిది.

రైలుకును వలకును ఒక భేదము గలదు. మనము పంపు ఉత్తరము గాని, ఫోటో గాని వలలో ముక్కలుగా పోవును. సాధారణముగా ఒక్కొక్క పొట్లములో 1500 బైట్లకు మించి పట్టదు. మూడులక్షల బైట్ల ఫోటో నొకదానిని పంపినచో అది రెండువందలకు పైబడిన పొట్లములగును. ప్రతి పొట్లముమీదను పంపినవారి చిరునామా, చేరవలసిన చిరునామా, వరుససంఖ్య యుండును. పొట్లములు వేర్వేరు దారుల పోవచ్చును, వెనుకముందులుగా చేరవచ్చును, కొన్ని దారిలో పోవచ్చును కూడ. చేరవలసినచోట కంప్యూటరు వానిని వరుసపెట్టి కూర్చును. అంది నంతవరకు రసీదు పంపును. రసీదు రాని పొట్లమును పంపినవాడు మరల పంపును. ఈ యేర్పాటును వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అను ఇద్దరు 1974లో ప్రకటించిరి. 1983 జనవరి 1వ తేదీనుండి అమెరికాలోని ఆర్పానెట్టు అను వల దీనినే యనుసరించెను. ఆ ఆర్పానెట్టే ఇంటర్నెట్టునకు మాతృక.

ఆ వల పుట్టుకయందే ఒక వింత గలదు. 1969 అక్టోబరు 29వ తేదీ రాత్రి కాలిఫోర్నియాలో ఒక విశ్వవిద్యాలయమునుండి మరియొక పరిశోధనాలయమునకు "లాగిన్" అను మాటను అక్షరమక్షరముగా పంపబోయిరి. మొదటి రెండక్షరములు మాత్రమే చేరినవి. అంతలో అవతలి యంత్రము నిలిచిపోయెను. ఇంచుమించు ఒక గంటకు దానిని సరిచేసి మరల పంపిరి. అనగా వల పుట్టిననాడే చెడినది. చెడిననాడే దానిని సరిచేయు విద్యయు పుట్టినది. మన గదిలో నెట్టు నిలిచినపుడు సిగ్గుపడవలసినది గాని, భయపడవలసినది గాని యేమియు లేదు.

ఇక చిరునామాల సంగతి. ప్రతి కంప్యూటరునకును నాలుగు అంకెల గుంపులతో కూడిన చిరునామా యుండును, 192.168.1.25 అనునట్లు. ఈ పద్ధతిలో సాధ్యమగు చిరునామాలన్నియు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. లోకమునందలి ఫోనులకును కంప్యూటర్లకును ఇవి చాలవు. అందుచే 192.168తో మొదలగు చిరునామాలను ఎవరి యింట వారు వాడుకొనవచ్చునని యేర్పాటు చేసిరి. ప్రతి యూరిలోను ఒకటవ నంబరు ఇల్లు ఉండునట్లే, లక్షలకొలది యిండ్లలో 192.168.1.1 ఉండును. బయటికి పోవునపుడు రౌటరు తన బయటి చిరునామాను పొట్లముమీద వేసి పంపును. ఇంతకన్న మిగుల పొడవైన చిరునామాల క్రొత్త పద్ధతియు వాడుకలోనికి వచ్చియున్నది.

అంకెలు యంత్రమునకు సులభము. మనుష్యునకు పేరు సులభము. మనము పేరు వ్రాసినచో దానికి సరియైన అంకెలను వెదకి చెప్పు యేర్పాటొకటి గలదు. దానికి డీఎన్ఎస్ అని పేరు. మొదట పేర్లన్నియు ఒకే జాబితాలో నుండెడివి. జాబితా పెరిగి మోయరానిదగుటచే 1983లో పాల్ మోకపెట్రిస్ అను నతడు పనిని పలువురికి పంచు ఈ పద్ధతిని రూపొందించెను. ఇది చెడినచో దారి బాగుగనేయుండును. ఊరిపేరు చెప్పువాడు మాత్రము ఉండడు.

మన దేశమున విద్యాసంస్థలను కలుపు ఎర్నెట్ అను వల 1986లో ప్రారంభమాయెను. సామాన్యజనులకు ఇంటర్నెట్టును విదేశ్ సంచార్ నిగమ్ వారు 1995 ఆగష్టు 15న అందించిరి. 2000 సంవత్సరమున స్థాపింపబడిన రెయిల్‌టెల్ సంస్థ రైలుదారుల వెంట గాజుతీగలను పరచినది. గ్రామపంచాయతీల వరకు గాజుతీగ కొనిపోవు పథకమునకు 2011 అక్టోబరులో కేంద్రప్రభుత్వము అనుమతి నిచ్చెను. దానికే తరువాత భారత్‌నెట్ అని పేరు పెట్టిరి. తెలంగాణములో మిషన్ భగీరథ నీటిగొట్టములకై త్రవ్విన కందకములందే గాజుతీగకును గొట్టము పరచిరి. నీరును మాటయు ఒకే గాడిలో ఇంటికి వచ్చుట మన కాలపు విశేషము.

గాజుతీగలో సమాచారము వెలుగురూపమున పోవును. గాజులో వెలుగు సెకండునకు సుమారు రెండులక్షల కిలోమీటర్లు పోవును. అనగా సెకండులో వేయవవంతున రెండువందల కిలోమీటర్లు. ఖమ్మమునుండి హైదరాబాదునకు దూరము ఇంచుమించు అంతే. అమెరికా పడమటితీరమునకు పోయివచ్చుటకు, సముద్రగర్భపు తీగలు వంకరలు తిరుగుటచేత, సాధారణముగా సెకండులో ఐదవవంతునకు పైన పట్టును. భద్రాచలపు టడవులలో గుట్టల నడుమ తీగ చేరని గూడెములు గలవు. అట్టిచోట్లకు టవరు గాని, ఉపగ్రహము గాని దిక్కు. భూమికి 35,786 కిలోమీటర్ల యెత్తున నిలిచినట్లు కనబడు ఉపగ్రహముద్వారా ప్రశ్న పోయి జవాబు వచ్చుటకు దాదాపు అరసెకండు పట్టును. అది యంత్రదోషము కాదు, దూరము. ఇట్టిచోట పాఠము వినుచు ప్రశ్న అడుగు బాలునకు జవాబు ఆలస్యముగా వచ్చినచో ఉపాధ్యాయుడు విసుగు చెందరాదు.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలెను. వేగమనునది రెండు విధములు. సాగరు కాలువ వెడల్పు ఒకటి. తూము ఎత్తిన పిమ్మట నీరు మన పొలము చేరుటకు పట్టు కాలము మరియొకటి. కాలువ వెడల్పైనను నీరు ఆలస్యముగా రావచ్చును. ఇరుకైనను త్వరగా రావచ్చును. కంపెనీవారు ప్రకటనలలో చెప్పు "వంద ఎంబీ" మొదలగు మాటలు వెడల్పును గూర్చినవి మాత్రమే.

ఇక పరీక్షలకు వత్తము. వీనికి ధనమక్కరలేదు, కంప్యూటరులోనే యున్నవి. క్రమము తప్పరాదు. దగ్గరనుండి దూరమునకు పోవుటయే క్రమము.

మొదటి పరీక్ష కంటితో చేయునది. తీగ గట్టిగా కూర్చున్నదా? స్విచ్చిమీది దీపము వెలుగుచున్నదా? రాగితీగ ఒక్కమారుగా నూరు మీటర్లకు మించి పరచరాదు. మడచి నలిగినచోట్ల లోపల తెగును. సగము కేసులు ఇచ్చటనే తీరునని మా యనుభవము.

రెండవది "ఐపీకాన్ఫిగ్" అను ఆజ్ఞ. ఇది మన కంప్యూటరు చిరునామాను, రౌటరు చిరునామాను చూపును. చిరునామా 169.254తో మొదలైనచో, కంప్యూటరు "నాకొక చిరునామా ఇండు" అని యడిగినను ఎవరును పలుకలేదని యర్థము. అట్టియెడ దోషము మన గదిలోనే వెదకవలెను.

మూడవది "పింగ్". దీనిని 1983 డిసెంబరులో మైక్ మూస్ అను అమెరికా దేశస్థుడు వ్రాసెను. నీటిలోని జలాంతర్గామిని కనుగొనుటకు ఓడవారు ధ్వనిని పంపి ప్రతిధ్వనిని విందురు; ఆ ధ్వని పేరే దీనికి పెట్టెను. "ఉన్నావా?" అని చిన్న పొట్లమును పంపుట, "ఉన్నాను" అను జవాబు ఎంతసేపటికి వచ్చినదో చూచుట, ఇంతియే దీని పని. ముందు 127.0.0.1ని పిలువవలెను, అది తన్ను తాను పిలుచుకొనుట. తరువాత మన రౌటరును. తరువాత 8.8.8.8 వంటి దూరపు చిరునామాను. కడపట ఒక పేరును. ఎచ్చట జవాబు ఆగునో, దోషము దానికిని, అంతకుముందు పలికినదానికిని నడుమనుండును. అంకెలకు జవాబు వచ్చి పేరునకు రానిచో దోషము డీఎన్ఎస్‌దే. "ఎన్ఎస్‌లుకప్" అను నాలుగవ పరీక్ష ఆ సంగతిని స్థిరపరచును. కొన్ని యంత్రములు పింగ్‌నకు పలుకరాదను కట్టుబాటు పెట్టుకొనియుండును గనుక ఒక్కదాని మౌనమును బట్టి తీర్పు చెప్పరాదు.

ఐదవది "ట్రేస్‌రూట్". దీనిని 1980 దశకము చివర వాన్ జేకబ్‌సన్ వ్రాసెను. దీని యుక్తి మిక్కిలి చమత్కారమైనది. ప్రతి పొట్లముమీదను ఒక ఆయుస్సంఖ్య యుండును. రౌటరు దాటినప్పుడెల్ల అది ఒకటి తగ్గును. సున్న యైనచో ఆ రౌటరు పొట్లమును పారవైచి, "మీ పొట్లము నాయొద్ద గతించినది" అని పంపినవానికి తెలుపును. దారి తప్పిన పొట్లములు శాశ్వతముగా తిరుగుచుండకుండుటకు ఈ యేర్పాటు. జేకబ్‌సన్ దీనినే పరీక్షగా మార్చెను. ఆయువు ఒకటిగా నొక పొట్లము పంపినచో మొదటి రౌటరు తన చిరునామాతో కబురంపును; రెండుగా పంపినచో రెండవది. ఇట్లు మజిలీ వెంట మజిలీ దారియంతయు బయటపడును. నడుమ నక్షత్రపు గుర్తులు వచ్చి పిమ్మట మరల జవాబులు వచ్చినచో దారి తెగలేదు. ఆ మజిలీవారు కబురు పంపరు, అంతే.

మా కథకు మరల వత్తము. లైనుమను మాట విని, మనసున కోపమున్నను, మేము పరీక్షలు మొదలుపెట్టితిమి. దీపములన్నియు వెలుగుచుండెను, వెలుగుటయే కాదు, అన్నియు ఒక్కమారుగ పిచ్చిపట్టినట్లు మిణుకుచుండెను. చిరునామా సరిగానుండెను. తన్ను తాను పిలిచిన కంప్యూటరు పలికెను. రౌటరును పిలిచితిమి. అదే గదిలో, పది యడుగుల దూరమున నున్న రౌటరు! మూడు పిలుపులకు జవాబు లేదు. నాల్గవదానికి దాదాపు ఒక సెకండునకు వచ్చినది. రావలసినది సెకండులో వేయవవంతున. ఆ క్షణముననే కంపెనీవారు నిర్దోషులని తేలినది. పొట్లము మా గుమ్మమే దాటలేదు. మధిరవరకు, హైదరాబాదువరకు పోయి నిందింప నేమున్నది?

పదవ తరగతి విద్యార్థు లిద్దరు స్విచ్చినుండి తీగలన్నియు ఊడదీసిరి. ఒక్క కంప్యూటరును, రౌటరును మాత్రము కలిపి పిలువగా వెంటనే జవాబు వచ్చినది. పిమ్మట తీగల నొక్కొక్కటిగా పెట్టుచు, ప్రతిమారును పింగ్ చేయుచు వచ్చిరి. పది తీగలవరకు అంతయు సుఖము. పదునొకటవ తీగ పెట్టగానే దీపములు మరల పిచ్చెత్తినవి, జవాబులు ఆగినవి. ఆ తీగను చేతితో తడవుకొనుచు పోగా అది బల్లక్రిందుగా తిరిగి మరల అదే స్విచ్చికి వచ్చియుండెను. రెండు కొనలును ఒకే పెట్టెలో!

ఇందువలన నేమగునో చదువరులు గ్రహింపవలెను. గదిలోని కంప్యూటర్లు అప్పుడప్పుడు "ఈ చిరునామా యెవరిది?" అని దండోరా వేయుచుండును. స్విచ్చి ఆ దండోరాను తన కొనలన్నిటికిని పంపును. రెండు కొనలు కలిసియున్నచో బయటికి పోయిన దండోరా మరల లోనికి వచ్చును, మరల పంపబడును. దూరప్రయాణపు పొట్లమున కున్న ఆయుస్సంఖ్య ఈ గదిలోపలి దండోరాకు లేదు. అది చావదు, క్షణక్షణమునకు పెరిగి తీగలన్నిటిని నింపివేయును. పెద్ద స్విచ్చులు ఇట్టి చుట్టును కనిపెట్టి మూసివేయును; మాది చిన్నది.

ఆ తీగ నట్లు పెట్టిన దెవరు? గదిలో అందరును మౌనముగా నుండిరి. కొంతసేపటికి ఏడవ తరగతి బాలు డొకడు లేచి, "సార్, ప్రొద్దున ఊడ్చునపుడు తీగ కొన వ్రేలాడుచుండగా ఊడినదేమో యనుకొని నేనే పెట్టితిని" అని కన్నీళ్లతో చెప్పెను. వాని దరఖాస్తుకూడ ఆ పదునేడింటిలో నుండెను. వాడు చేసినది సదుద్దేశమే. మేము వానిని దండింపలేదు; నిజము చెప్పినందుకు మెచ్చుకొంటిమి. తీగకొనలకు నంబర్లు వ్రాసిన చీటీలు మేము ముందుగనే అంటించియున్నచో వాడు పొరబడడు గదా! తప్పు మాదియే. మరునాడే చీటీలు అంటించితిమి. సాయంకాలము ఐదు గంటలకు కడపటి దరఖాస్తు పోయినది. తల్లిదండ్రులు చీకటిపడకముందే బస్సెక్కిరి. లైనుమనుకు మరల ఫోనుచేసి మా పరుషవాక్యములకు మన్నింపు కోరితిమి. అతడు నవ్వి, "అందరును ముందు మమ్మే తిట్టుదురు సార్, మీరు మరల పిలిచితిరి, అదే చాలు" అనెను.

విద్యార్థులారా! ఈ పరీక్షల నన్నిటిని పాఠశాలలో మీ యుపాధ్యాయుని యెదుట చేసిచూడుడు. సందులేకుండ పరుల యంత్రములను పిలిచి వేధింపకుడు. మీరు కనుగొన్న దానిని కాగితముమీద వ్రాయుడు: ఏ వేళ, ఏ పరీక్ష, ఏ జవాబు. కంపెనీవారికి "నెట్టు లేదు" అని చెప్పుటకు మారుగా, "రౌటరు పలుకుచున్నది, దాని యవతల రెండవ మజిలీ పలుకుట లేదు" అని చెప్పినచో వారు నేరుగా చెడినచోటికే పోగలరు. తల్లిదండ్రులారా! కడపటి దినమువరకు ఆగక దరఖాస్తులు ముందుగా తెండు; వల యెంత మంచిదైనను ఒకనాడు తెగకమానదు.

కనబడనిదాని మీద నింద వేయుట సులభము. దగ్గరనుండి దూరమునకు, తననుండి పరునివైపునకు, ఒక్కొక్క మెట్టుగా పరీక్షించుటయే విద్య. ముందు తన్ను తాను పిలిచి చూచుకొనవలెనను నియమము కంప్యూటర్లకు మాత్రమే గాదని మాకు ఆనాడు తోచినది.